మిస్టేర్ కూల్చిన స్టార్‌ఫైటర్: స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య

భారత వైమానిక దళంలో మరణానంతరం మహావీర చక్ర పొందిన ఏకైక అధికారి స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య. 1965 సెప్టెంబరు 7న తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లి ఆయన తిరిగి రాలేదు. మహావీర చక్ర 1988లో వచ్చింది. మధ్యలో గడిచినవి ఇరవైమూడేళ్లు. వాటిలో మొదటి పద్నాలుగేళ్లు, ఆయన చివరి క్షణాల్లో ఏం చేశాడో సొంత దళానికే తెలియదు. తెలిసింది కూడా శత్రు పక్షం దాచుకున్న రికార్డుల వల్లే. అందుకే దేవయ్య గురించి రాయాలంటే ఆ ఉదయం గగనంలో జరిగిన పోరాటంతో పాటు, ఆ పోరాటం వెలుగులోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి.

దేవయ్య 1932 డిసెంబరు 24న కొడగులో పుట్టాడు. తండ్రి బోపయ్య వైద్యుడు. కాఫీ తోటలు, అడవులు, కొండలు నిండిన ఆ చిన్న ప్రాంతం భారత సైన్యానికి జనాభాకు మించినంత మంది యోధులను ఇచ్చింది. స్వతంత్ర భారత తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప, ఆ తరువాతి కాలంలో అదే పదవి చేపట్టిన తిమ్మయ్య ఇద్దరూ అక్కడివారే. ఇంటిపేరు ముందు పెట్టుకోవడం కొడగు ప్రజలైన కొడవల ఆచారం. అజ్జమాడ అన్నది వంశం పేరు, బోపయ్య తండ్రి పేరు. కొడగులో ఎక్కువమంది సైన్యం దారి పట్టగా దేవయ్య వైమానిక దళాన్ని ఎంచుకుని 1954లో పైలట్‌గా చేరాడు.

1965లో యుద్ధం మొదలయ్యే నాటికి ఆయన వయసు ముప్పై రెండు. భార్య సుందరి, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. అప్పుడాయన ఉద్యోగం కొత్త పైలట్లకు విమానయానం నేర్పడం. ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్ కాలేజీలో శిక్షకుడిగా పనిచేస్తున్నాడు. శిక్షకుడి పనిని తేలిగ్గా చూడకూడదు. విమానాన్ని దాని సామర్థ్యం అంచుల దాకా తీసుకెళ్లి, అక్కడ అది ఎలా ప్రవర్తిస్తుందో విద్యార్థికి చూపించి, క్షేమంగా వెనక్కి తేగలిగినవారికే ఆ పని అప్పగిస్తారు. యుద్ధం రాగానే అనుభవజ్ఞులైన పైలట్లను ముందు వరుస స్క్వాడ్రన్లకు పంపారు. దేవయ్యను పంపింది పంజాబ్‌లోని ఆదంపూర్‌లో ఉన్న ఒకటో నంబరు స్క్వాడ్రన్‌కు. దాని మారుపేరు టైగర్స్.

ఈ స్క్వాడ్రన్ భారత వైమానిక దళానికి తొలి బిడ్డ. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో వపిటీ విమానాలతో ప్రారంభమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంఫాల్ రంగంలో జపాన్ సేనలతో పోరాడినప్పుడు దాన్ని నడిపించిన యువకుడు అర్జన్ సింగ్. 1965లో ఆయనే ఎయిర్ మార్షల్ హోదాలో మొత్తం వైమానిక దళానికి అధిపతి. దేశ విభజనతో ఆ స్క్వాడ్రన్ పుట్టిన కరాచీ, తొలి ఏళ్లలో అది ఎగిరిన వాయవ్య సరిహద్దు ప్రాంతం రెండూ పరాయి దేశంలోకి పోయాయి. ఇప్పుడు దానికి లక్ష్యంగా నిర్ణయించింది ఆ దేశపు ప్రధాన వైమానిక కేంద్రాన్నే.

ఆరు రోజుల్లో మారిన యుద్ధం

1965 ఆగస్టులో పాకిస్తాన్ సాయుధులను కశ్మీర్ లోయలోకి చొప్పించింది. స్థానికులు తిరగబడతారన్న అంచనా తప్పడంతో సెప్టెంబరు 1న ఛాంబ్ ప్రాంతంలో ట్యాంకులతో నేరుగా దాడికి దిగింది. అఖ్‌నూర్ వంతెన చేజారితే జమ్మూ నుంచి పశ్చిమానికి వెళ్లే దారి తెగిపోతుంది. సైన్యం సాయం కోరగానే ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి వాంపైర్, మిస్టేర్ యుద్ధ విమానాలు లేచాయి. వాంపైర్ అప్పటికే కాలం చెల్లిన విమానం. ఆ ఒక్క సాయంత్రం నాలుగు వాంపైర్లు పోయాయి, వాటిలో ఎక్కువ పాకిస్తాన్ సేబర్ ఫైటర్ల చేతిలోనే.

సెప్టెంబరు 6న భారత సైన్యం లాహోర్ దిశగా అంతర్జాతీయ సరిహద్దు దాటింది. యుద్ధం కశ్మీర్‌కే పరిమితమన్న భ్రమ దాంతో తొలగిపోయింది. అదే రోజు సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దళం పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా స్థావరాల మీద విరుచుకుపడింది. పఠాన్‌కోట్‌లో నేలమీద నిలిపి ఉంచిన విమానాలు పది దాకా ధ్వంసమయ్యాయి. అర్ధరాత్రి దాటాక ఈ మూడు స్థావరాల చుట్టుపక్కల పాకిస్తాన్ కమాండోలు పారాచూట్లతో దిగారు. వారిలో అత్యధికులు లక్ష్యాన్ని చేరకముందే పోలీసులకు, సైనికులకు, గ్రామస్తులకు దొరికిపోయారు. అయితే మర్నాటి దాడికి సిద్ధమవుతున్న ఆదంపూర్ పైలట్లకు ఆ రాత్రి ప్రశాంతంగా గడవలేదు. చుట్టూ పొలాల్లో ఎవరున్నారో తెలియదు, దీపాలు ఆర్పిన స్థావరం, తెల్లారకముందే లేవాల్సిన విమానాలు. దేవయ్య ఆఖరి రాత్రి గడిచింది ఆ వాతావరణంలోనే.

పఠాన్‌కోట్ దెబ్బకు జవాబు మర్నాడు ఉదయమే ఇవ్వాలని నిర్ణయమైంది. లక్ష్యం సర్గోధా.

సర్గోధా ఎందుకంత కష్టం

సర్గోధా ఒక్క స్థావరం కాదు. ప్రధాన స్థావరం చుట్టూ ఛోటా సర్గోధా, భాగ్తాన్‌వాలా, వాగోవాల్ వంటి ఉపస్థావరాలు ఉండేవి. పాకిస్తాన్ యుద్ధ విమానాల్లో సింహభాగం, దాని గర్వకారణమైన స్టార్‌ఫైటర్లతో సహా, అక్కడే ఉండేవి. చుట్టూ విమాన విధ్వంసక తుపాకులు మోహరించి ఉన్నాయి. ఉప్పు కొండల మీద సకేసర్ వద్ద ఉన్న రాడార్ దూరం నుంచే వచ్చేవారిని పసిగట్టి పైనున్న ఫైటర్లకు దారి చూపేది.

ఆదంపూర్ నుంచి సర్గోధాకు దూరం దాదాపు 300 కిలోమీటర్లు. పటం మీద చూస్తే ఇది పెద్ద దూరంగా అనిపించదు. చిక్కు అంతా ఇంధనంలో ఉంది. రాడార్‌కు చిక్కకుండా ఉండాలంటే నేలను ఆనుకుని, చెట్ల తలలకు కాస్త పైన ఎగరాలి. ఆ ఎత్తులో గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి జెట్ ఇంజిన్ ఇంధనాన్ని విపరీతంగా తాగుతుంది. బాంబులు, రాకెట్ల బరువు దానికి తోడు. పోవడానికి, రావడానికి సరిపోగా మిగిలే ఇంధనం అతి స్వల్పం. మధ్యలో శత్రు విమానం తగిలి పది నిమిషాలు పోరాడాల్సి వస్తే తిరుగు ప్రయాణానికి ఇంధనం చాలదు. అందుకే సర్గోధాకు వెళ్లే పైలట్లకు ఇచ్చే సలహా ఒక్కటే ఉండేది: పని ముగించి, ఎవరితోనూ తలపడకుండా, కిందుగా వచ్చిన దారినే వెనక్కి రావాలి. దేవయ్య తీసుకున్న నిర్ణయం విలువ తెలియాలంటే ఈ లెక్క గుర్తుండాలి.

దాడి నాయకుడు స్క్వాడ్రన్ కమాండింగ్ అధికారి వింగ్ కమాండర్ ఓం ప్రకాశ్ తనేజా. పన్నెండు మిస్టేర్లతో దండు ఏర్పాటైంది. బయల్దేరే వేళ ఏదైనా విమానం మొరాయిస్తే దాని స్థానంలో వెళ్లడానికి మరో రెండింటిని స్టాండ్‌బైగా ఉంచారు. ఆ స్టాండ్‌బైలలో మొదటివాడు దేవయ్య. అంటే అన్నీ సవ్యంగా జరిగితే ఆయన ఆ రోజు సర్గోధా చూడనే చూడడు.

రెండు విమానాలు, రెండు తరాలు

మిస్టేర్ ఫోర్ ఫ్రాన్స్ దేశపు దసో సంస్థ తయారీ. తొలిసారి 1952లో ఎగిరింది. 1957 నుంచి భారత్‌కు వందకు పైగా వచ్చాయి. వేగంలో అది ధ్వనివేగానికి కాస్త దిగువనే ఆగిపోతుంది. క్షిపణులు లేవు, శత్రువును వెతికే రాడార్ లేదు. ముక్కు కింద రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు, రెక్కల కింద బాంబులో రాకెట్లో, అంతే. 1965 నాటికి దాన్ని నేల లక్ష్యాల మీద దాడికి వాడడమే గాని, ఆధునిక ఫైటర్లతో గగనంలో ఢీకొనడానికి తగినదిగా ఎవరూ లెక్కించేవారు కాదు. అయితే గట్టి విమానం. దెబ్బ తిన్నా వెంటనే చేతులెత్తేయదు. ఆ ఉదయం దేవయ్యకు అక్కరకు వచ్చింది ఈ గుణమే.

ఎఫ్-104 స్టార్‌ఫైటర్ తీరే వేరు. అమెరికాలోని లాక్‌హీడ్ సంస్థ దాన్ని ఎత్తుకు దూసుకుపోయే వేగం కోసమే రూపొందించింది. పొడవాటి దేహం, ఆ దేహానికి అతికించినట్టుండే పొట్టి, పలుచని రెక్కలు. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కల వెడల్పు ఏడు మీటర్లకు కూడా రాదు. ధ్వనికి రెట్టింపు వేగం. ఉపఖండంలో అంత వేగం మొదట చేతికి వచ్చింది పాకిస్తాన్‌కే. తొమ్మిదో నంబరు స్క్వాడ్రన్‌లో డజను మాత్రమే ఉండేవి. ఇంజిన్ వేడిని పసిగట్టి వెంటాడే సైడ్‌వైండర్ క్షిపణులు, నిమిషానికి వేల గుళ్లు కక్కే ఆరు గొట్టాల 20 మిల్లీమీటర్ల ఫిరంగి దాని ఆయుధాలు.

కాగితం మీద చూస్తే ఈ రెండింటికీ పోటీయే లేదు. కానీ వాయు యుద్ధంలో వేగం ఒక్కటే బలం కాదు. రెక్క ఎంత చిన్నదైతే మలుపు అంత పెద్దది. స్టార్‌ఫైటర్ వచ్చి, కొట్టి, వేగంతో తప్పుకుపోతే దాన్ని పట్టుకునేవారు లేరు. అదే తక్కువ ఎత్తులో, వేగం తగ్గించుకుని, ఒకరి వెనుక ఒకరు గిరగిరా తిరిగే పోరులోకి దిగితే దాని ఆధిక్యం హరించుకుపోతుంది. పెద్ద రెక్కలున్న మిస్టేర్ దానికంటే చిన్న వలయంలో తిరగగలదు. ఎవరు ఎవరిని తమకు అనువైన పోరులోకి లాగుతారన్నదే అక్కడ ఫలితాన్ని తేలుస్తుంది. శిక్షకుడిగా పనిచేసిన పైలట్‌కు ఈ సూత్రం కరతలామలకం.

తెల్లవారుజాము దాడి

సెప్టెంబరు 7న వెలుగు రాకముందే ఆదంపూర్ నుంచి మిస్టేర్లు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. రేడియోలో ఎవరూ మాట్లాడకూడదు. చీకట్లో పక్క విమానం కనిపించడమే కష్టం. దిక్సూచి, గడియారం, పటం ఆధారంగా కిందుగా ఎగురుతూ, అరగంట లోపే సాగిన ఆ ప్రయాణం తరువాత, కొత్త ప్రదేశంలో లక్ష్యాన్ని మొదటి చూపులోనే గుర్తించాలి. నేటి పైలట్లకు ఉపగ్రహాలు చేసే పనిని అప్పుడు పైలట్ తలలోని లెక్కలే చేసేవి.

దండులో ఒక విమానం తప్పుకోవడంతో దేవయ్య ఆ ఖాళీలోకి చేరాడు.

సర్గోధాలో దాడి వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నారు. అయినా తొలి వెలుగులో వచ్చిన మిస్టేర్లు స్థావరం మీద బాంబులు, రాకెట్లు వేయగలిగాయి. నష్టం ఎంత జరిగిందన్న దాని మీద రెండు దేశాల లెక్కలు ఇప్పటికీ కలవవు. పైలట్లు తిరిగొచ్చి చెప్పినదానికీ, పాకిస్తాన్ ఒప్పుకున్నదానికీ మధ్య చాలా తేడా ఉంది. ఆ రోజు సర్గోధా మీద దాడులు అక్కడితో ఆగలేదు. మరికొన్ని దండులు హంటర్లతో, మిస్టేర్లతో పగలంతా వెళ్లాయి. సేబర్ పైలట్ ఎం.ఎం. ఆలం ఒకే పోరులో ఐదు హంటర్లను కూల్చానని చెప్పుకున్నదీ ఆ రోజే. భారత రికార్డులు అంత సంఖ్యను అంగీకరించవు. ఏమైనా, తెల్లవారుజామున వెళ్లినవారికి కలిసొచ్చిన చీకటి, తరువాత వెళ్లినవారికి లేకపోయింది. వారిలో కొందరు తిరిగి రాలేదు.

తనేజా దండు పని ముగించి తూర్పుకు తిరిగింది. అందరికంటే వెనుక ఉన్నది దేవయ్య. కిందుగా ఎగిరే దండులో చివరివాడి వెనుక కాపు కాసేవారు ఉండరు. శత్రువు వెంటపడితే మొదట చిక్కేది అతడే.

ఒంటరి పోరు

స్థావరానికి కాపలాగా గగనంలో ఉన్న స్టార్‌ఫైటర్లలో ఒకదాన్ని నడుపుతున్నది ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజాద్ హుస్సేన్ ఖాన్. సకేసర్ రాడార్ సూచనతో ఆయన తిరుగుముఖం పట్టిన మిస్టేర్లను వెంబడించి, సర్గోధాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే చేరుకున్నాడు. ముందు సైడ్‌వైండర్ వదిలాడు. నేలకు అంత దగ్గరగా ఎగిరే విమానం మీద ఆ కాలపు క్షిపణి సరిగా పనిచేయదు. అది నేలలోకి దిగబడింది. ఆ తరువాత మరింత దగ్గరకు వచ్చి ఫిరంగి పేల్చాడు. గుళ్లు మిస్టేర్‌ను తాకాయి. దాని పని అయిపోయిందనుకుని స్టార్‌ఫైటర్ ముందుకు, మిగతా మిస్టేర్ల వైపు సాగింది.

ఆ మిస్టేర్ కూలలేదు.

దేవయ్య ముందు అప్పుడున్న దారులు చూడాలి. విమానం దెబ్బతింది. సరిహద్దు ఇంకా చాలా దూరం. పారాచూట్‌తో దూకితే యుద్ధఖైదీ అవుతాడు గాని ప్రాణం దక్కే అవకాశం ఉంది. నేలను ఆనుకుని తూర్పుకు పారిపోతే, శత్రువు వేరే వేట మీద పడ్డాడు కాబట్టి తప్పించుకునే వీలు కొంతైనా ఉంది. తలపడొద్దన్నదే ఆ రోజు ఆదేశం కూడా. అంటే తప్పుకుపోయినా ఆయనను వేలెత్తి చూపేవారు లేరు. మూడో దారి, దెబ్బతిన్న విమానంతో, అడుగంటుతున్న ఇంధనంతో, తనకంటే రెట్టింపు వేగమున్న ఫైటర్‌ను ఢీకొనడం. దీన్ని ఎంచుకుంటే ఇల్లు చేరడం దాదాపు అసాధ్యం. గెలిచినా ఇంధనం మిగలదు.

దేవయ్య మూడో దారినే తీసుకున్నాడు. స్టార్‌ఫైటర్ ఆగకపోతే దాని ఫిరంగి ముందున్న సహచరులను ఒక్కొక్కరినే వేటాడుతుంది. ఆయన మనసులో ఏముందో చెప్పే సాక్ష్యం లేదు. కానీ చేసిన పని ఫలితం మాత్రం ఇదే: అంజాద్ దృష్టి మిగతా దండు నుంచి తన మీదికి మళ్లింది, తనేజా బృందంలో మిగిలినవారంతా ఆదంపూర్ చేరారు.

మిస్టేర్ ఎదురు తిరగడం అంజాద్‌ను ఆశ్చర్యపరిచి ఉండాలి. ఆయనకు రెండు మార్గాలున్నాయి. ఇంజిన్ పూర్తి వేగానికి పెట్టి పైకెగసి తప్పుకుని, మళ్లీ తన షరతుల మీద తిరిగి రావడం ఒకటి. అక్కడే నిలిచి తిరుగుతూ పోరాడడం రెండోది. అంజాద్ రెండోది ఎంచుకున్నాడు. అది కూడా ధైర్యమే, ఒప్పుకోవాలి. కానీ స్టార్‌ఫైటర్ నిర్మాణానికి పొసగని ధైర్యం. తక్కువ ఎత్తులో, తగ్గిన వేగంలో సాగిన ఆ మలుపుల పోరులో దేవయ్య లోపలి వలయంలోకి చొరబడ్డాడు. మిస్టేర్ 30 మిల్లీమీటర్ల గుళ్లు స్టార్‌ఫైటర్‌ను తాకాయి. 30 మిల్లీమీటర్ల గుండు లోపల పేలే రకం. అవి కొన్ని తగిలినా చాలు, ఫైటర్ విమానం నిలవదు. స్టార్‌ఫైటర్ అదుపు తప్పింది. అంజాద్ అత్యవసర సీటుతో బయటపడి, పారాచూట్ విప్పుకుని ప్రాణాలతో దిగాడు.

దేవయ్య బతకలేదు. అంతకుముందు తగిలిన దెబ్బల వల్లనా, ఆ పోరులో తగిలిన మరిన్ని దెబ్బల వల్లనా అన్నది పూర్తిగా తేలలేదు. మిస్టేర్ పాకిస్తాన్ నేల మీదే కూలింది. సర్గోధాకు మరీ దూరం కాని పొలాల్లో దేవయ్య భౌతికకాయం గ్రామస్తులకు కనిపించిందని, వారే అక్కడ ఖననం చేశారని చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

పద్నాలుగేళ్ల మౌనం

ఆదంపూర్‌లో దిగిన పైలట్లు లెక్క చూసుకుంటే ఒకరు తక్కువ. దేవయ్యను చివరిసారి ఎక్కడ చూశారన్నది తప్ప ఎవరూ ఇంకేం చెప్పలేకపోయారు. వెనుక జరిగిన పోరు ఎవరి కంటా పడలేదు. రేడియోలో మాట లేదు. యుద్ధఖైదీల జాబితాలో ఆయన పేరు రాలేదు. రికార్డుల్లో ఆయన గల్లంతైన, మరణించి ఉంటాడని భావించే అధికారిగా మిగిలాడు. దాడిని నడిపిన తనేజాకు వీర చక్ర వచ్చింది. స్క్వాడ్రన్‌కు పేరొచ్చింది. కొడగులో సుందరికి అందిన సమాచారంలో మాత్రం భర్త ఎలా పోయాడన్న ప్రశ్నకు జవాబు లేదు.

వైమానిక దళాన్ని దీనికి తప్పుపట్టడం న్యాయం కాదు. శౌర్య పతకానికి సాక్ష్యం కావాలి. చూసినవాళ్లు చెప్పాలి, లేదా కెమెరా తీసిన చిత్రాలుండాలి. యుద్ధంలో ఫైటర్ల ఫిరంగి వెంటే కెమెరా నడిచే ఏర్పాటు ఉంటుంది గాని ఆ చిత్రాలు విమానంతో పాటే కాలిపోయాయి. ఒంటరిగా పోరాడి ఒంటరిగా పోయినవాడి తరఫున మాట్లాడేవారు లేరు.

మాట్లాడింది అవతలి పక్షం. బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్‌కు పాకిస్తాన్ వైమానిక దళం తన రికార్డులు చూసే అవకాశమిచ్చింది. ఆ సమాచారంతో ఆయన 1965 వాయు యుద్ధం మీద రాసిన పుస్తకం 1979లో వెలువడింది. పాకిస్తాన్ దృష్టిలోంచి, పాకిస్తాన్ పైలట్ల ఘనతను చెప్పడానికి వచ్చిన పుస్తకం అది. అందులోనే సెప్టెంబరు 7 ఉదయం ఒక స్టార్‌ఫైటర్ మిస్టేర్‌తో జరిగిన పోరులో పోయిందన్న వివరం ఉంది. తమవాడి పోరాటాన్ని వర్ణించే క్రమంలో ఎదుటి పైలట్ ఎంత నేర్పుగా పోరాడాడో కూడా నమోదైంది. ఆ మిస్టేర్ పైలట్ పేరు మాత్రం వారికి తెలియదు.

ఆ పేరు తేల్చడం భారత్ వంతయింది. వైమానిక దళ చరిత్రను పరిశీలించే పనిలో ఉన్న ఎయిర్ కమడోర్ ప్రీతమ్ సింగ్, నాటి దాడి నాయకుడు తనేజా ఈ ఆధారాన్ని వదలలేదు. వారు అనుసరించిన తర్కం సరళమైనది, తప్పించుకోలేనిది. తెల్లవారుజాము దాడికి వెళ్లి తిరిగొచ్చిన పైలట్లలో ఎవరూ స్టార్‌ఫైటర్‌తో తలపడలేదు. తలపడి కూల్చి ఉంటే అంతటి వార్తను ఏ పైలట్ చెప్పకుండా ఉండడు. ఆ దాడిలో రాకుండా పోయిన మిస్టేర్ ఒక్కటే. అదే స్క్వాడ్రన్ నుంచి అదే రోజు తరువాత వెళ్లిన దాడిలో ఫ్లైట్ లెఫ్టినెంట్ బాబుల్ గుహా కూడా ప్రాణాలు కోల్పోయాడు, కానీ ఆయన విమానాన్ని కూల్చింది సేబర్. సమయం వేరు, సందర్భం వేరు. కాబట్టి అంజాద్ మొదట కొట్టి, కూలిపోయిందనుకుని వదిలేసిన మిస్టేర్, ఆ తరువాత తిరగబడి ఆయనను కూల్చిన మిస్టేర్ రెండూ ఒకటే. దాన్ని నడిపింది దేవయ్య.

ధ్వనికి రెట్టింపు వేగమున్న ఫైటర్‌ను, ధ్వనివేగాన్ని అందుకోలేని పాత విమానం, అదీ దెబ్బతిన్న స్థితిలో కూల్చడం వాయు యుద్ధ చరిత్రలో అరుదు. ఆ యుద్ధం మొత్తంలో పాకిస్తాన్ రెండు స్టార్‌ఫైటర్లు కోల్పోయింది. రెండోది సెప్టెంబరు 17న పెషావర్‌లో దిగబోతూ ప్రమాదంలో ధ్వంసమైంది. అంటే పోరాటంలో పోయిన ఒకే ఒక్క స్టార్‌ఫైటర్ దేవయ్య కూల్చినదే.

అంజాద్ హుస్సేన్ ఖాన్‌కు పాకిస్తాన్ సితారా-ఎ-జుర్రత్ ఇచ్చింది. ఆయన సేవలో కొనసాగి వింగ్ కమాండర్ అయ్యాడు. 1971 యుద్ధంలో డిసెంబరు 5న అమృత్‌సర్ రాడార్ కేంద్రం మీద దాడికి మళ్లీ స్టార్‌ఫైటర్‌తోనే వచ్చి, భారత విమాన విధ్వంసక తుపాకుల దెబ్బకు రెండోసారి పారాచూట్‌తో దిగి యుద్ధఖైదీ అయ్యాడు. ఆరేళ్ల కిందట తనను కూల్చిన పైలట్ ఎవరో అప్పటికి ఆయనకూ తెలియదు, ఆయనను పట్టుకున్నవారికీ తెలియదు.

పతకం

పుస్తకం వచ్చిన 1979కీ, పతకం ప్రకటించిన 1988కీ మధ్య తొమ్మిదేళ్లు పట్టింది. ముగిసిపోయిన యుద్ధానికి, అంత కాలం తరువాత శౌర్య పతకం ఇవ్వడం ఆనవాయితీ కాదు. సిఫారసుల గడువు ఎప్పుడో దాటిపోయింది. పరాయి దేశపు పుస్తకంలోని కథనాన్ని అధికారిక సాక్ష్యంగా స్వీకరించాలంటే దాన్ని స్వంత రికార్డులతో సరిపోల్చి నిర్ధారించుకోవాలి. తనేజా పదవీ విరమణ చేశాక కూడా తన పైలట్ తరఫున ఈ ప్రయత్నం సాగించాడు. నాయకుడిగా దాడి ముగిసిన రోజు ఇవ్వలేకపోయిన నివేదికను రెండు దశాబ్దాల తరువాత పూర్తిచేయడమే ఆయన చేసిన పని. చివరకు 1988లో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్యకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. పరమవీర చక్ర తరువాత యుద్ధకాలపు శౌర్యానికి దేశం ఇచ్చే రెండో అత్యున్నత పతకం అది. సుందరి దేవయ్య దాన్ని అందుకుంది. భర్త చివరి పోరు ఎలా జరిగిందో ఆమెకు అధికారికంగా తెలిసింది అప్పుడే.

పతకం వచ్చాక కూడా దేవయ్య పేరు సైనిక చరిత్ర చదివేవారి మధ్యే ఎక్కువగా వినిపించేది. కొడగులో మాత్రం స్థానికులు దాన్ని నిలబెట్టుకున్నారు. మడికేరిలో ఒక కూడలికి ఆయన పేరు పెట్టి, విగ్రహం నెలకొల్పారు. 2025లో వచ్చిన హిందీ చిత్రం స్కై ఫోర్స్‌కు సర్గోధా దాడి, దేవయ్య ఉదంతమే ఆధారం. అందులో పాత్రల పేర్లు మార్చారు, సంఘటనలకు కల్పన చేర్చారు. కాబట్టి చరిత్ర కోసం దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు. ఆయన స్క్వాడ్రన్ టైగర్స్ తరువాతి కాలంలో మిరాజ్ 2000 విమానాలకు మారింది. అదీ మిస్టేర్ తయారుచేసిన దసో సంస్థ విమానమే.

వచ్చే సంచికలో: 1971 డిసెంబరు 14, శ్రీనగర్. ఆరు సేబర్ల మధ్యకు లేచిన నాట్, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్.